ఎదురు కిటికీలో పళ్లెం

"తుప్!"

కేరట్ ముక్క వెళ్లి నాన్న చొక్కా మీద పడింది.

రెండేళ్ల ఆ పిల్లను ఇంట్లో అంతా పిచ్చుక అంటారు. పిచ్చుకైనా నయం, గింజలు తింటుంది. ఈవిడగారు పాలూ బిస్కెట్లూ తప్ప ఏది పెట్టినా ససేమిరా అంటుంది. నాలుగు ముక్కలు తినిపించేసరికి అమ్మకు తల ప్రాణం తోకకొచ్చేది.

"నెలలోగా బరువు పెరగకపోతే ఆస్పత్రిలో చేర్చాలి," అన్నాడు డాక్టరు. "ముక్కులోంచి గొట్టం వేసి పాలు పోస్తాం."

ఆ మాట విన్నప్పటి నుంచి అమ్మకు కంటి మీద కునుకు లేదు. కనిపించిన వాళ్లందరికీ, కూరగాయల బండతనికి కూడా, చెప్పుకుని ఏడ్చింది.

ఒకరోజు సాయంత్రం నాలుగింటికి, పిల్లను కిటికీ దగ్గర కూర్చోబెట్టి బీట్‌రూట్ ముక్క అందించింది.

పిచ్చుక ఉమ్మలేదు. సందుకు అవతలి మేడ వైపే చూస్తోంది.

ఎదురు కిటికీలో ఒక ముసలావిడ. ఎండలు మండిపోతున్నా మెడకు మఫ్లరు. ఒళ్లో పళ్లెం. ఆవిడ వేళ్ల మధ్యా బీట్‌రూట్ ముక్కే.

నోట్లో పెట్టుకుంది. చాలాసేపు నమిలింది. తల వెనక్కి తిప్పి వంగింది. మళ్లీ ఇటు తిరిగి నోరు తెరిచి చూపించింది.

ఖాళీ.

పిచ్చుక ముక్క లాక్కుంది. నమిలింది. మింగింది. తల వెనక్కి తిప్పి, వంగి, ఇటు తిరిగి నోరు తెరిచింది.

అమ్మ ఆనందం పట్టలేక పిల్లను ముద్దులతో ముంచెత్తింది.

మర్నాడు బీన్స్. అటూ బీన్సే.

ఆ మర్నాడు గుమ్మడికాయ. అటూ గుమ్మడికాయే.

నాలుగో రోజుకు అమ్మకు భయం పట్టుకుంది.

"ఏవండీ, మనమేం వండామో ఆవిడకెలా తెలుస్తోంది?"

"పిల్ల తింటోందిగా, ఇంకేం కావాలి నీకు?"

"ఒక్కసారీ నవ్వదండీ. రెప్పవేయకుండా దీన్నే చూస్తుంది. ఇదేమో బిస్కెట్ తిన్నా అలాగే తల తిప్పి వంగుతోంది."

"నీకు తాడు కనిపించినా పామే."

పది రోజుల్లో పిచ్చుక పావుకిలో పెరిగింది. పదో రోజు మధ్యాహ్నమే, నిద్రలో కళ్లు మూసుకునే ఏదో నమిలి, తల వెనక్కి తిప్పి వంగింది.

అమ్మ లేచి కిటికీకి మందపాటి తెర వేసేసింది.

"తుప్!" మళ్లీ మొదటికొచ్చింది వ్యవహారం.

నాలుగింటికి తెర సందులోంచి తొంగి చూస్తే ఆవిడ అక్కడే ఉంది, పళ్లెం పట్టుకుని, ఇటే చూస్తూ. అమ్మ ఆ సందుకూ పిన్నులు పెట్టింది.

వారం తిరక్కుండా పెరిగిన పావుకిలో కాస్తా పోయింది. డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిన రోజు రేపే. భయపడుతూనే అమ్మ తెర తీసింది.

ఎదురు కిటికీలో ఖాళీ కుర్చీ.

పిల్లను చంకనెత్తుకుని కిందకు పరుగెత్తింది. కూరగాయల బండతను కనిపించాడు.

"ఎదురు మేడ పెద్దావిడ ఏరీ?"

"తెలీదమ్మా. వాళ్ల ఆయా రెండు రోజులుగా రావట్లేదు. రోజూ మీరేం కొన్నారో అడిగి అదే తీసుకెళ్లేది. మీ పాప గొట్టం సంగతి నేనే చెప్పాను."

అమ్మ ఎదురు మేడ మెట్లెక్కింది.

గదిలో ఆయా దుప్పట్లు మడతపెడుతోంది.

"మొన్న పోయారమ్మా. ఆ రోజు కూడా పళ్లెంతో కుర్చీలో కూర్చోబెట్టమని సైగ చేశారు, మీరు తెర తీస్తారేమోనని. మాట లేదు కదా, ఏదైనా పలక మీద రాసేవారు."

పలక ఇంకా కుర్చీ పక్కనే ఉంది. 'ఆ బాధ పసిదానికొద్దు' అని వంకర అక్షరాలు.

పిచ్చుక జారి దిగి, కుర్చీ ఎక్కి కూర్చుంది. నోరాడించింది. తల వెనక్కి తిప్పి వంగింది. సరిగ్గా అక్కడే, కుర్చీ వెనకాల, ఒక బేసిన్ ఉంది.

"ఇదెందుకు?" అడిగింది అమ్మ.

"ఉమ్మడానికమ్మా," అంది ఆయా. "గొంతు ఆపరేషన్ అయిన దగ్గర్నుంచీ పొట్టలోకి వేసిన గొట్టమే ఆవిడకు ఆధారం, ఈ ఏడాదిలో ఒక్క ముక్కయినా మింగి ఎరగరు."