హెల్మెట్టు ఫొటో

సరుగుడు తోపులో హజరత్తయ్య కొత్త హెల్మెట్టూ, కళ్లద్దాలూ, చేతి తొడుగులూ వేసుకుని రంపం మిషను పట్టుకుని నిలబడినాడు. "ఫొటో తియ్యి," అన్నాడు పెళ్లాంతో.

వెంకటశేషమ్మ సెల్లులో తీసింది. వెంటనే అన్నీ విప్పి ఆమె చేతికిచ్చినాడు. "ఉక్కపోస్తా ఉండాది. మాసిపోకుండా దాచిపెట్టు."

"కోసేటప్పుడు గదా వేసుకోవాల్సింది?"

"నాకు తెలీదా?" అని మిషను తాడు లాగినాడు.

మధ్యాహ్నం చెట్టులో ఇరుక్కున్న మిషను ఎగిరి ఆయన తలకు తగిలింది.

కోట సెంటర్లో శ్రద్ధాంజలి ఫ్లెక్సీ కట్టినారు. ఆయనకుండే మంచి ఫొటో ఆ హెల్మెట్టుదొక్కటే, అదే వేసినారు.

కర్మంతరం అయినాక వెంకటశేషమ్మ ఆ హెల్మెట్టు సెంటరుకు తెచ్చి, వేరే తోపులో కోసే తోటి కోతగాడికి ఇచ్చింది. "నువ్వన్నా పెట్టుకో నాయనా."

అతను ఫ్లెక్సీ వైపు చూసినాడు. "అన్నీ తగిలించుకున్న అన్నే పోయినాడు గద వదినా. ఇంక నాకెందుకు?"