బానెట్‌లో రాసిన మాట

కారు బానెట్ ఎత్తి శివనాగరాజు తల పట్టుకున్నాడు. రేడియేటర్ సగానికి సగం ఖాళీ.

“కూలెంట్ డబ్బా ఉంది వదినా. నీళ్లు కలిపి పోస్తే చాలు. బోరు నీళ్లు పట్టుకొస్తా.”

“బోరు నీళ్లు వద్దు,” అంది వెంకాయమ్మ.

బానెట్ లోపల ఆమె భర్త పానకాలు ఎర్ర పెయింటుతో రాసి పెట్టుకున్నాడు: ‘బోరు నీళ్లు పోయరాదు’. ఆ ఊరి బోరు నీళ్లు నాలుగు రోజులు కాస్తే చాలు, గిన్నెకి సున్నం కొట్టినట్టు తెల్లగా పొర పేరుకుంటుంది. ఇంజన్‌లోనూ అంతే. ఇన్నేళ్లలో ఆ కారుకి బ్యాటరీలో పోసే నీళ్లు తప్ప మరొకటి తాగించలేదు ఆ చాదస్తపు మనిషి. కన్నకూతురి కంటే కారే ఎక్కువా అని ఊరంతా దెప్పేది.

నిజమే కాబోలు. దీప్తి కలీంని పెళ్లి చేసుకున్న రోజు, “అది నా కారెక్కడానికి వీల్లేదు,” అన్నాడు. మూడేళ్లయింది. కూతురితో ఒక్క మాట మాట్లాడలేదు.

ఇప్పుడా దీప్తి నల్లపాడు స్టేషన్‌లో దిగి కూర్చుంది. మూడింటిలోపు ఇంటికి చేరాలి. ఆపైన ఆగేది లేదని పెద్దలు చెప్పేశారు.

“ఆటో ఎక్కి రమ్మందాం వదినా.”

“కాదు. ఈ కార్లోనే రావాలి.”

వెంకాయమ్మ గొంతులో కోపం లేదు, ఏడుపు లేదు. పొద్దుట్నించీ ఆమెకి ఏదీ తెలియడం లేదు. ఎవరో చేతిలో కాఫీ పెడితే తాగింది, అంతే.

మెకానిక్ మాబు షెడ్డు మూసేసి, పొద్దుట్నించీ వాకిట్లో షామియానా కిందే కూర్చున్నాడు. లేచి వచ్చాడు.

“బ్యాటరీ నీళ్లు అయిపోయాయక్కా. టౌన్నుంచి తేవాలంటే గంట. తాగే క్యాన్ నీళ్లు పోద్దాం, ఒక్కసారికేం కాదులే.”

“ఆయన ఒప్పుకోరు మాబూ.”

“ఇప్పుడు కూడానా వదినా!” అన్నాడు శివనాగరాజు.

వెంకాయమ్మ వినిపించుకోలేదు. “ఏసీలోంచి కారే నీళ్లు పోయొచ్చని ఆయనతో నువ్వే కదా అన్నావ్?”

“అవునక్కా, వాటిలో ఉప్పుండదు. కానీ మీ ఇంట్లో ఏసీ...”

మాబు మాట పూర్తికాకముందే ఆమె ముందుగదిలోకి వెళ్లిపోయింది. అక్కడ మోటారు గుర్రుమంటోంది. చుక్కచుక్కగా కారి స్టీలు గిన్నె నిండింది.

“దీప్తికి కారు పంపిస్తున్నా,” అంది పానకాలుతో.

పానకాలు ఉలకలేదు, పలకలేదు.

“సరే అయితే,” అని గిన్నె బయటికి తెచ్చింది.

మాబు గిన్నెకేసి చూశాడు. సగం కూలెంట్, సగం నీళ్లు కలిపి, ఒక్క చుక్క కింద పడకుండా పోశాడు.

మిరపకాయల కల్లాలు దాటి కారు నల్లపాడు వైపు వెళ్లిపోయింది.

వెంకాయమ్మ ఖాళీ గిన్నె తీసుకెళ్లి, పానకాలుని పడుకోబెట్టిన అద్దాల ఫ్రీజర్ పెట్టె కింద, చుక్క పడే చోటే మళ్లీ పెట్టింది.