ఉగ్గాని ఏం చేస్తది?

"ఇగ ఇదొక్కటే మిగిలిందన్నా," అంది టీమ్ లీడ్ సుష్మ, స్క్రీన్ మీది 'ఉగ్గాని'ని చూపిస్తూ.

కొండాపూర్‌లోని ఆ ఆఫీసుకి పదకొండేళ్ల కిందట కోడ్ ప్యాకేజీలు రాసింది చెన్నకేశవులే. వాటికి తమ కడప వంటకాల పేర్లు పెట్టుకున్నాడు. ఇప్పుడు రూలు మారింది. ప్యాకేజీ చేసే పనేమిటో దాని పేరే చెప్పాలి.

"ఇదేం చేస్తాదో నీకు తెలుసామ్మా?"

"నాకేం తెలుసన్నా. మీకే తెలియాలె. అందుకే గదా అందరూ మీ దగ్గరికే ఉరికొచ్చేది."

నవ్వబోయి ఆగిపోయాడు. మిగతా తొంభై పేర్లూ మార్చి వారమైంది. ఆ వారంలో అతని సీటు దగ్గరికి ఒక్కరూ రాలేదు.

"ఇదీ మారిస్తే నాకింకేం పనుంటాది సుష్మా?"

ఆమె అతని వైపు చూడలేదు.

"మీటింగ్ రూమ్‌ల హెచ్ఆర్ వాళ్లు కూసున్నరన్నా. ఇది అయినంక మిమ్మల్ని రమ్మన్నరు."

చెన్నకేశవులు 'ఉగ్గాని' చెరిపేసి, 'ఉద్యోగం పోయినవాళ్ల లాగిన్ మూసివేత' అని ఎవరికైనా అర్థమయ్యే ఇంగ్లీషులో టైపు చేశాడు.

ఆ సాయంత్రం దాన్ని నడపడానికి ఎవరికీ అతన్ని ఏమీ అడగాల్సిన అవసరం రాలేదు.