కడిగినవాళ్ళే బిగించాలి

"నీళ్ళ మొహం చూడని పడవకి రోజూ తలంటు ఏంటి చెల్లెమ్మా?" కంచె అవతల నుంచి ఒవిదియో అడిగాడు.

ఎదిల్మా స్పాంజిని సబ్బునీళ్ళలో ముంచి ఒక్కరే తెడ్డేసే పసుపురంగు ప్లాస్టిక్ కయాక్‌ని రుద్దుతూనే ఉంది.

ఆ కయాక్ మీద చేపలవేటకి వెళ్ళి మొగుడు అబ్దియేల్ పోయి రేపటికి ఏడాది. అప్పట్నుంచి అది సముద్రంలోకి దిగలేదు. అయినా సాయంత్రం అయ్యేసరికి ఎదిల్మా కుళాయి తిప్పుతుంది. లేని ఉప్పుని కడుగుతుంది. లేని నాచుని గోకుతుంది. వెనక కొసన ఉన్న బిరడా విప్పి, కయాక్‌ని నిలువుగా ఎత్తి, డొల్లలో చేరిన నీళ్ళు వంచేస్తుంది. మళ్ళీ బిరడా బిగిస్తుంది. బిగించినదాన్ని విప్పి మళ్ళీ బిగిస్తుంది. వేళ్ళు ఒరుసుకుపోయాయి పాపం.

ఆ రేవులో ఒక కట్టుబాటుంది. కయాక్ ఎవరు కడిగితే వాళ్ళే బిరడా బిగించాలి. తెడ్డు పట్టేవాడు దాన్ని తడిమి చూడకూడదు. చూశాడంటే ఇంటిదాన్ని నమ్మలేదని అర్థం. నవ్వుకునేవాళ్ళు కూడా, "ఏరా, పెళ్ళాం బిగింపు మీద అనుమానమా?" అని. ఎవరి ప్రాణం మీదకీ రానంతవరకూ అది మంచి కట్టుబాటే.

ఆ రోజు మొదట అబ్దియేల్ శవాన్ని అలలు ఒడ్డుకు తోశాయి. తర్వాత కయాక్ ఒవిదియోకి దొరికింది, సగం మునిగి, బోర్లాపడి. బిరడా లేదు. ఏడుపుల మధ్య ఎదిల్మా కాళ్ళు కడుక్కుందామని కుళాయి దగ్గరికి వెళ్తే, సబ్బు పక్కన కనిపించింది బిరడా. రోజూ విప్పి పెట్టే చోటే.

ఇంకేముంది. ఊళ్ళో ఎవరూ ఆమెని ఒక్క మాట అనలేదు. నాలుగు తిట్టినా బాగుండేది.

బిగించినట్టే గుర్తు ఎదిల్మాకి. వేళ్ళకి ఆ బిగువు ఇంకా తెలుస్తూనే ఉంది. కానీ రోజూ చేసే పని కదా, అది ఆ పొద్దుటిదో అంతకు ముందురోజుదో ఎవరు చెప్తారు?

ఎండ తగ్గింది. ప్లాస్టిక్ చల్లబడుతూ టక్కుమంది. ఆ రేవులో ప్రతి కయాకూ ఆ వేళకి అలాగే అంటుంది. ఎదిల్మా చెయ్యి ఆగిపోయింది.

"విన్నావా అన్నయ్యా? లోపల్నుంచి కొడుతున్నాడు. ఎందుకు బిగించలేదే అని అడుగుతున్నాడు."

ఒవిదియో కంచె మీదకి వంగాడు. "ఇది ఎదురుగా ఉంటే నీ పుండు మానదు. నా షెడ్డులో పెట్టుకుంటా, ఇచ్చెయ్." కయాక్ వెనక కొసని చూపించాడు. "ఒక మాట అడగనా? డొల్లలోకి నీళ్ళు చేరితే వెనక బరువెక్కుతుంది. తెడ్డేసేవాడికి తెలియకుండా ఉండదు. వాడు సముద్రం మీద పుట్టి పెరిగినోడు. తిరిగి రావచ్చు కదా? అసలు ఆ మధ్య మనిషి మాటే మానేశాడు. ఏం ఆలోచిస్తూ వెళ్ళాడో..."

"ఒవిదియో, ఇంద." అత్తగారు దొమితిలా పళ్ళెం పట్టుకుని బయటికొచ్చింది. పచ్చి అరటికాయ ముక్కలు, చితక్కొట్టి వేయించినవి. "వేడివేడిగా తిను. నోటికి పని దొరికితే పోయినోడి ఊసు రాదు."

"నీ చేతి వంటకి ఏ నోరైనా మూతపడాల్సిందే పెద్దమ్మా," అని నవ్వేసి, రెండు ముక్కలు నోట్లో వేసుకుని వెళ్ళిపోయాడు.

దొమితిలా కుళాయి కట్టేసింది. కోడలి చేతులు తన లంగా అంచుతో తుడిచింది. కొడుకుని నీళ్ళపాలు చేసిన పిల్లని కడుపులో పెట్టుకుని చూసుకుంటోందే, ఇలాంటి అత్త ఉంటుందా అని రేవంతా చెప్పుకునేది. అబద్ధం కాదు. ఈ ఏడాదిలో కోడలికి తినిపించని రోజు లేదు.

"అత్తయ్యా." ఎదిల్మా ఆమె చెయ్యి పట్టుకుంది. "ఆ పొద్దున మీరు అరుగు మీదే కూర్చున్నారు. నేను బిరడా బిగించడం చూశారా?"

"రోజూ అడిగేదే కదే పిల్లా."

"రేపు చర్చిలో ఏడాది పూజ. అందరి ముందూ లేచి, నా మొగుణ్ణి నేనే చంపానని చెప్పేస్తాను. అది చెప్పాక నేను బతకలేను అత్తయ్యా. అందుకే ఆఖరుసారి అడుగుతున్నా. చూశానని ఒక్క మాట అనండి చాలు."

దొమితిలా కయాక్ వైపు చూసింది. మెడలో జపమాల వెతుక్కుంది.

"చూళ్ళేదు తల్లీ. కళ్ళు మూసుకుని జపం చేసుకుంటున్నా."

ఎదిల్మా అత్త ఒళ్ళో తల పెట్టి వెక్కివెక్కి ఏడ్చింది. దొమితిలా కూడా ఏడ్చింది. కోడలి జుట్టు నిమురుతూ నెమ్మదిగా చెప్పింది.

"మరుపు పాపం కాదే. మరిచిపోయినవాళ్ళని దేవుడు క్షమిస్తాడు. ప్రమాదంలో పోయినవాణ్ణీ అక్కున చేర్చుకుంటాడు. చేజేతులా ప్రాణం తీసుకున్నవాళ్ళకే చర్చి మట్టి దక్కదు. ఫాదర్ వాడికి అన్ని ప్రార్థనలూ చదివి, మీ మామయ్య పక్కనే పూడ్పించాడు కదా. అది చాలు మనకి. రేపు చెప్పుకోవాలనిపిస్తే చెప్పుకో, కానీ నన్నొదిలి ఎక్కడికీ పోకు. వేడిగా నాలుగు ముద్దలు తిందువుగాని, లే."

ఆ రోజు ఒడ్డుకి కొట్టుకొచ్చిన కొడుకు బిగిసిన గుప్పిట విప్పి, అందులోని బిరడాని ఎవరూ రాకముందే లంగా మడతల్లో దాచి తెచ్చి, కుళాయి దగ్గర సబ్బు పక్కన పెట్టింది దొమితిలాయే.