ఆ రాయి నాదే

“నీ నోటికి కూడా ఒకసారి సాన పట్టాలిరా!” అంటూ చేతిలోని తడిగుడ్డని బల్లకేసి కొట్టాడు మేస్త్రి.

“ముందు నీ జ్ఞాపకశక్తికి పట్టించుకో బావా. గుట్ట మీద ఆ రాయిని మొదట చూసింది నేను. సంఘానికి కూడా అదే చెప్పా,” అన్నాడు రేకు గోడ అవతలి నుంచి బావమరిది. అతన్ని అందరూ పిలిచేది చెకుముకి అని. తగిలితే చాలు, నిప్పు.

రాళ్ళు కోసి మెరుగుపెట్టే షెడ్డు అది. మధ్యలో రేకు గోడ, అటొక రంపం, ఇటొక రంపం. ఆ గోడ దుమ్మునే ఆపలేకపోయింది, ఇక తిట్లనేం ఆపుతుంది?

తగువంతా ఒక పేరు గురించి. గుట్ట మీద కొత్తరకం జాస్పర్ రాయి బయటపడింది. కనిపెట్టినవాడి పేరే దానికి పెడతామంది రాళ్ళ సంఘం. జీవితమంతా ఎవరెవరి ఉంగరాలకో రాళ్ళు అరగదీసిన మేస్త్రికి, ఒక్క రాయైనా తన పేరుతో మిగలడమంటే మాటలు కాదు. మొదట దొరికిన ముద్దని తెచ్చి చూపించమన్నారు. గుట్ట నుంచి ట్రాలీలో తెచ్చిన సరుకు దింపి చూస్తే సరిగ్గా అదే లేదు. నువ్వు నొక్కేశావంటే నువ్వు నొక్కేశావని అప్పట్నుంచీ ఇదే భాగోతం.

“మీ అక్క మొహం చూసి ఊరుకుంటున్నా...”

“మా అక్క కూడా నా మాటే నమ్మింది!”

“ఇక్కడ రాళ్ళు గుర్తుపడతారటగా?”

గుమ్మంలో ఒకమ్మాయి. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఆ దుమ్ములో ఎవరి కళ్ళైనా అంతే కాబట్టి మేస్త్రి పట్టించుకోలేదు. సంచీలోంచి పాలిథిన్ కవరు తీసి, అందులోని రాయిని బల్ల మీద పెట్టింది.

గోధుమరంగు పెచ్చు, మట్టి, విరిగిన మూల. చూడగానే మేస్త్రి పోల్చుకున్నాడు. అయినా పని పనే. కత్తి మొనతో గీశాడు. రాయి మీద గాటు పడలేదు, కత్తే అరిగి మెరుపుగీత వదిలింది. అంచుని బల్బుకి ఎదురుగా పట్టాడు. వెలుతురు చుక్క కూడా దాటలేదు. చివరికి విరిగిన మూల మీద నాలుగు నీటిచుక్కలు చల్లాడు.

“ఇటు చూడమ్మా. ఇసుక దిబ్బలు, వెనక కొండలు, ఆ పైన మబ్బు. ఎవరూ గీసింది కాదు. దీన్నే పిక్చర్ జాస్పర్ అంటారు.”

ఆమె చూసింది. ముఖంలో ఏ వింతా కనపడలేదు.

“దేనికి పనికొస్తుంది ఇది?”

“దేనికి పనికిరాదో అడుగు. పలకలుగా కోస్తే లాకెట్లు. పెద్ద పలకైతే గడియారం ముఖం...”

చెకుముకి తల ఇవతలికి పెట్టాడు. “లాకెట్లట! అంత బొమ్మనీ పకోడీల్లా తరిగేస్తాడట. ఒక్కటే కోత కొయ్యి, రెండు సగాలూ మెరిపించు, అలమరలో పుస్తకాలు పడిపోకుండా అటొకటి ఇటొకటి నిలబెట్టు.” అప్పుడు రాయిని సరిగ్గా చూశాడు. “అరే, ఇది... ఇది నాది!”

“నీ మొహం! నాది!”

“ఎవ్వరూ కోయొద్దు,” అంది ఆమె, రాయిని దగ్గరికి లాక్కుంటూ. గొంతు కోసుగానే ఉంది. “మీ ఇద్దరిలో ఎవరిదో చెప్పండి. నాకు కచ్చితంగా తెలియాలి.”

మేస్త్రికి ప్రాణం లేచొచ్చింది. ఇన్నాళ్ళకి అడగాల్సిన ప్రశ్న అడిగే మనిషి దొరికింది. సొరుగు లాగి గోరంత పెచ్చు తీశాడు.

“గుట్ట మీద మొదటి దెబ్బ నా సుత్తిది. ఆ దెబ్బకి ఊడిందే ఇది.”

విరిగిన మూలలో పెట్టగానే పెచ్చు టక్కున కూర్చుంది, సరైన పాస్‌వర్డ్ పడ్డట్టు.

“ఇంతకీ నీకెక్కడ దొరికిందమ్మా?”

“గుట్ట కింద మలుపులో. రోడ్డు మధ్యలో.”

“హమ్మయ్య! ట్రాలీలోంచి జారిందన్నమాట. నేనింకా వీడు నొక్కేశాడని...”

“నన్ను దొంగని చేస్తావా?” చెకుముకి రేకుని గుద్దాడు. “ఆ రోజు నేను మొత్తుకున్నానా లేదా? పైన పెట్టకు బావా, వల కప్పి కడదాం అన్నానా? ‘నా రాయి, నా ఇష్టం, కళ్ళెదురుగా ఉండాలి’ అన్నావు. ట్రాలీ నీది, తోలింది నువ్వు, పోగొట్టిందీ నువ్వే!”

“పోగొట్టుకున్నానంటే నాదనేగా అర్థం!” మేస్త్రి చప్పట్లు చరిచాడు. “విన్నావా అమ్మా? వీడి నోటితోనే వచ్చింది. నేనే పెట్టా, నేనే తోలా, వల వద్దన్నదీ నేనే.”

చెకుముకి తల రేకు అవతలికి లాక్కున్నాడు.

“ఇదే మాట ఎక్కడైనా చెప్తారా?” అని అడిగింది ఆమె.

“ఎక్కడైనా! ఎవరి ముందైనా! కావాలంటే సంతకం కూడా పెడతా.” రాయి కోసం రెండు చేతులూ చాచాడు మేస్త్రి. కోపమంతా దిగిపోయి ముఖం పెళ్ళికొడుకులా ఉంది. “ఇంత మేలు చేశావు, ఊరికే పంపిస్తానా? ఏం కావాలో అడుగు తల్లీ.”

ఆమె రాయిని మళ్ళీ కవర్లో పెట్టి ముడి వేసింది.

“దీన్ని గుద్దుకుని బండి మీంచి పడ్డ మా నాన్న ఇంకా కళ్ళు తెరవలేదు.”