వాయిదా వెయ్యకు

“మళ్లీ వదులైపోయింది తల్లీ, కాస్త బిగించవూ?”

కళ్లజోళ్ల దుకాణంలో పనిచేసే అమ్మాయి నిట్టూర్చి చేయి చాచింది. ఆ నెలలో ఆ పెద్దావిడ రావడం అది మూడోసారి.

స్క్రూ బిగిస్తున్నంతసేపూ ఆవిడ చూపు అమ్మాయి ముఖం మీదే.

“పెళ్లయి రెండేళ్లన్నావు. మరి పిల్లల సంగతి?”

“ఇల్లు కొనుక్కున్నాక చూద్దామనుకున్నామండీ.”

“వాయిదా వెయ్యకు తల్లీ. కొందరికి ముట్లు ముందే ఆగిపోతాయి. ఒక్కసారి డాక్టరుకి చూపించుకో. నా మాట విను.”

పక్క బల్ల దగ్గరివాళ్లు కిసుక్కున నవ్వారు.

“లూజు కళ్లజోడుకి కాదే, ఆవిడకే!”

అమ్మాయికి తల కొట్టేసినట్టయింది.

“నా కడుపు సంగతి మీకెందుకండీ? అసలు నేను మీకేమవుతానని?”

ఆవిడ పెదవులు కదిలాయి.

“ఏమీ కావులే తల్లీ,” అంది చివరికి.

కళ్లజోడు పెట్టుకోకుండానే వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు.

ఇల్లు కొన్నారు. ఇంకో మూడేళ్లు గడిచాయి.

ముప్పై నిండకుండానే అమ్మాయికి నెలసరి ఆగిపోయింది. నెల తప్పిందనుకుని మొగుడూ పెళ్లాలు మురిసిపోయారు.

“కాదమ్మా. అండాలు దాదాపు అయిపోయాయి,” అంది డాక్టరు. “మిగిలినవాటితో ప్రయత్నిద్దాం. ఆశ తక్కువే. కాస్త ముందొచ్చి ఉంటే బాగుండేది.”

అమ్మాయి తల వంచుకుంది.

“ఒక్కోసారి ఇది తల్లి నుంచి వస్తుంది. మీ అమ్మగారికి నెలసరి ఏ వయసులో ఆగింది?”

అమ్మ పక్కనే ఉంది. బయట బెంచీ మీద కూలబడ్డాకే నోరు విప్పింది.

“నిన్ను నేను కనలేదే. పురిటిగుడ్డుగా నా ఒళ్లోకొచ్చావు.”

“మరి... కన్నావిడ?”

“ఆవిడకీ ఇంతేనట. నీ తర్వాత మళ్లీ కడుపు పండలేదు. నీకు చెప్పమని నా కాళ్లావేళ్లా పడింది. నిజం తెలిస్తే నువ్వు నాకు దక్కవేమోనని భయపడ్డానే. నేను చెప్పనన్నాను. తనే చెబుతానంది. తనెవరో మాత్రం చెప్పకూడదని ఒట్టు వేయించుకున్నాను.”

“ఇప్పుడెక్కడుంది?”

“పోయింది. నిరుడే.”

“నాకెవరూ ఏమీ చెప్పలేదమ్మా!”

అమ్మ కొంగుతో ముఖం కప్పుకుంది.

“చెప్పిందే. నీ దుకాణానికొచ్చి, నీ ఎదురుగా కూర్చుని చెప్పింది... నువ్వు కసిరితే, తిన్నగా నా దగ్గరకొచ్చి ఏడ్చింది.”