పెన్సిలు అచ్చు

రేడియేటర్‌లో నీళ్ళు పోద్దామని బానెట్ ఎత్తి, డ్రైవరమ్మ సీసా కోసం ఇంట్లోకి వెళ్ళింది.

తిరిగి వచ్చేసరికి ఎవరో ముసలాయన బండిలోకి నడుం దాకా వంగి ఉన్నాడు.

"ఎవరది? నా బండిలో నీకేం పని?"

ఆయన ఉలిక్కిపడి లేచాడు. ఉతికిన తెల్లచొక్కా. ఒక చేతిలో గుడ్డపీలిక, మరో చేతిలో చిన్న కాగితం, పెన్సిలు.

"ఇంజన్ నంబరు సరిచూసుకుందామనమ్మా. ఒక్క నిమిషం."

"నా ఇంజన్ నంబరుతో నీకేంటి?"

ఆయన గుడ్డపీలిక మడత పెట్టసాగాడు.

ఈలోగా ఆమె మరిది బయటికి వచ్చాడు. పాలప్యాకెట్‌ని కూడా అటూ ఇటూ తిప్పి చూసిగాని లోపలికి రానివ్వని మనిషి. వీధిలో అందరూ డిటెక్టివ్ అంటారు.

"ఇన్సూరెన్సా?" అన్నాడు.

"కాదు బాబూ."

"బండి కొంటారా?"

"కాదు."

"మరి బానెట్‌లో తల పెట్టి జపం చేస్తున్నారా?"

ఆయన నొచ్చుకోలేదు. "చివర మూడు, ఏడు, ఏడు ఉండాలి. ఆ మూడు కొంచెం పక్కకి ఒరిగి ఉంటుంది. అదొక్కటీ చూడనివ్వండి."

డ్రైవరమ్మ మరిది వైపు చూసింది. కాగితాల్లో ఉన్న చివరి అంకెలు అవే. ఇంజన్ మీద అవి ఎక్కడుంటాయో ఆమెకే తెలియదు.

"వదినా, వెనక వీధి ట్యాక్సీ ఇలాగే పోయింది" అన్నాడు మరిది చెవిలో. "ముందు నంబరు పట్టుకుపోతారు. తర్వాత దొంగ కాగితాలు పుట్టించి బండి మాదే అంటారు. ఉండు, ఇతని సంగతేంటో చూద్దాం."

పైకి మాత్రం, "కానివ్వండి పెద్దాయనా, చూసుకోండి" అన్నాడు.

ఆయన చెయ్యి తడుముకోలేదు. ఇంజన్, గేర్‌బాక్సు కలిసే అతుకు దగ్గరికి తిన్నగా వెళ్ళింది. జిడ్డు తుడిచి, కాగితం అదిమిపెట్టి, పెన్సిలు అడ్డంగా రుద్దాడు.

నల్లటి గీతల్లోంచి తెల్లగా అంకెలు లేచాయి. చివర మూడు, ఏడు, ఏడు. ఆ మూడు నిజంగానే ఒరిగి ఉంది.

ఆయన దానిమీద బొటనవేలు పెట్టి అలాగే ఉండిపోయాడు.

మరిది కాగితం లాగేసుకున్నాడు.

"చూశావా వదినా! వెతకనైనా వెతకలేదు. ఈ ఇంజన్ పుట్టుపూర్వోత్తరాలన్నీ తెలిసినవాడే. యాక్సిడెంట్ బండ్ల సామాను అమ్మే ముఠావాడై ఉంటాడు."

"లేదు బాబూ, అసలు సంగతేంటంటే..."

"ఏదైనా కానీ" అడ్డుపడింది డ్రైవరమ్మ. "మనిషి పోయిన బండిదైతే ఒక్క నట్టు కూడా నా బండికి ఎక్కనివ్వను. పొద్దునా సాయంత్రం బడిపిల్లలు కూర్చునే బండి ఇది."

చెప్పబోయిన మాట ఆయన నోట్లోనే ఆగిపోయింది.

వెనక సీటు వైపు చూశాడు. ఏ పాపో మరిచిపోయిన నీళ్ళసీసా ఒకటి అక్కడ పడి ఉంది.

"పొరపాటమ్మా. నేను వెతికే బండి ఇది కాదు."

"ఇప్పుడేగా అంకెలు కుదిరాయి?"

"ముసలి కళ్ళు తల్లీ. ఆ కాగితం ఇప్పిస్తే వెళ్ళిపోతాను."

"ఇస్తాం, తాళంచెవి కూడా కలిపి ఇస్తాం" అన్నాడు మరిది. "దొంగబుద్ధి కాకపోతే!"

ఆయన ఇంజన్ మీద పడిన తన వేళ్ళ మరకలు తుడిచాడు. బానెట్ చప్పుడు కాకుండా దించాడు.

"పోనీ, ఒక్కసారి స్టార్ట్ చేస్తారా?"

"చేస్తాను. మీరు వీధి దాటాక."

ఆయన తల ఊపి నడిచాడు.

మళ్ళీ బానెట్ ఎత్తి నీళ్ళు పోసి, మరిది చేతిలోని కాగితం బ్యాగులో వేసుకుని ఆమె బండి స్టార్ట్ చేసింది. వీధి మలుపులో ఆయన గోడకి ఆనుకుని, కళ్ళు మూసుకుని నిలబడి ఉన్నాడు.

ఇంకా పోలేదు, కాపు కాస్తున్నాడనుకుంది. అద్దం ఎత్తేసి వేగం పెంచింది.

మెకానిక్ షెడ్డులో బల్లమీద ఆ కాగితం విసిరింది.

"నా ఇంజన్ నంబరు బయటివాళ్ళకి ఎలా తెలిసిందన్నా? నీ నోట్లోంచే కదా?"

మెకానిక్ కాగితం చూసి స్పానర్ కింద పెట్టాడు.

"తెల్లచొక్కా పెద్దాయనా? ఏం చెప్పాడు?"

"ఏదో చెప్పబోయాడు. మనిషి పోయిన బండి సామాను నా బండికి తగలనివ్వనన్నాను. అంతే, మాట మార్చేసి పోయాడు."

"ఎటు పోయాడు?"

"బస్టాండు వైపు. ఏం?"

మెకానిక్ గోడ గడియారం చూసి, నిట్టూర్చి స్టూలు మీద కూర్చున్నాడు.

"కిందటేడు నీ ఇంజన్ పట్టేస్తే ఇంకొకటి వేసి, కాగితాల్లో నంబరు కూడా మార్పించాను కదా. గోడౌన్‌లో దొరికిందన్నాను. అబద్ధం చెల్లెమ్మా. అది లారీ గుద్దిన బండిది. నడిపే అమ్మాయి అక్కడికక్కడే పోయింది."

"నాకు చెప్పకుండా పెట్టావా?"

"చెప్తే నువ్వు పెట్టుకుంటావా? బండి మూలపడితే ఇల్లెలా గడుస్తుంది? ఇచ్చినాయన తుక్కుకి మాత్రం వేయొద్దన్నాడు. తిరిగే బండికి పెట్టమన్నాడు. బడిపిల్లల బండి ఉందంటే, ఇంకో మాట అడగలేదు."

"మరి ఇప్పుడెందుకొచ్చాడు?"

"ఊరు వదిలి పోతున్నాడట. పోయేముందు ఒక్కసారి చూస్తానంటే నీ వీధి నేనే చెప్పాను. నీ పట్టింపు సంగతి చెప్పడం మరిచాను. ఈపాటికి బస్సు కదిలిపోయి ఉంటుంది."

ఆమె బల్లమీది కాగితం తీసుకుంది. ఒరిగిన మూడు మీద బొటనవేలి ముద్ర ఇంకా జిడ్డుగానే ఉంది.

"నిజం చెప్పుంటే దొంగ అనే మాట పడేవాడు కాదు కదన్నా?"

"రేపు పిల్లల్ని ఎక్కించుకోవడానికి నువ్వు జంకుతావని, ఆ మాట పడి మరీ ఊరుకున్నాడు చెల్లెమ్మా, ఆ అమ్మాయి తండ్రి."